గుండె చికిత్స తరువాత లయ తప్పితే: లంక ఊరికి ఏది నప్పుతుంది, పట్నానికి ఏది నప్పుతుంది

బైపాస్ అయి ఇంటికి వచ్చిన మనిషికి కుట్ల నొప్పి ముందే ఊహించినది. ఊహించనిది రాత్రి పడుకున్నాక మొదలవుతుంది. గుండె ఒక దెబ్బ మింగేసి, మరుక్షణం ఛాతీలో గట్టిగా తన్నినట్టు ఉంటుంది. లేదా ఏ పనీ చేయకుండానే పరుగెత్తి వచ్చినట్టు దడదడలాడుతుంది. మర్నాడు పొద్దున్నే ఆ ఇంటి కుర్రవాడు మా మందుల షాపుకు వచ్చి, "నాన్నగారికి రాత్రంతా దడగా ఉందండి, గ్యాస్ మాత్ర ఏదైనా ఇవ్వండి" అంటాడు. గ్యాస్ మాత్ర ఇవ్వడం తేలికే. కానీ ఆ ఇంట్లో తేల్చుకోవలసిన సంగతులు వేరే ఉన్నాయి. ఇంట్లోనే ఉండి చూడాలా, ఆసుపత్రికి బయలుదేరాలా? నాడిని వేళ్లతో లెక్కపెట్టుకుంటే చాలా, వాచీ కొనాలా? రక్తం పలచబడే మందుల్లో పాతరకమా, కొత్తరకమా?

నేను డాక్టర్ని కాను, ఫార్మసిస్టుని. మా షాపుకు పాలకొల్లు వాళ్లూ వస్తారు, గోదావరి పాయ వశిష్ఠ అవతలి గట్టు నుంచీ వస్తారు. మందు ఏది, మోతాదు ఎంత అన్నది మీ గుండె డాక్టరుగారు చెప్పవలసినదే. అయితే వైద్యపరంగా రెండు దారులూ ఒకటే అయినప్పుడు, మీ ఇంటి నుంచి ఏది ఆగకుండా సాగుతుందో చూసి ఎంచుకోండి. భీమవరం నడిబొడ్డున ఉన్నవారికి బ్రహ్మాండంగా పనిచేసే ఏర్పాటు నది మధ్య లంక ఊరైన కనకాయలంకలో, వరదకు కాజ్‌వే మునిగిన వారంలో చతికిలబడవచ్చు. ఈ సంగతి ఆసుపత్రిలో ఎవరూ అడగరు, మనమే చెప్పాలి.

ముందు, ఏ చికిత్స తరువాత?

ఛాతీ తెరిచి చేసే బైపాస్ తరువాత ప్రతి నలుగురిలో ఒకరికైనా గుండె పై గదుల లయ తప్పుతుంది. దీన్ని ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. చీటీ మీద ఏ.ఎఫ్. అని రాస్తారు. వాల్వు ఆపరేషన్ కూడా కలిస్తే ఇంకా ఎక్కువ మందికి వస్తుంది. ఆపరేషన్ అయిన రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య మొదలవడం మామూలు. గుండె చుట్టూ వచ్చే వాపు, ఒంట్లో చేరిన నీరు, తగ్గిన పొటాషియం, మెగ్నీషియం, ఒత్తిడికి ఎగసిపడే హార్మోన్లు కలిసి చేసే పని ఇది. ఎక్కువ మందిలో 6 వారాల లోపే సర్దుకుంటుంది.

అబ్లేషన్ కథ వేరు. తొడ దగ్గరి రక్తనాళం గుండా సన్నని గొట్టం పంపి, తప్పుడు సంకేతాలు పుట్టే చోట కండను కాలుస్తారు లేదా చల్లదనంతో చంపుతారు. ఆ చోట మచ్చ కట్టేదాకా చుట్టుపక్కల కండ రేగి ఉంటుంది, దడ వస్తూ పోతూ ఉంటుంది. అందుకే మొదటి 3 నెలల్లో వచ్చే దడను చికిత్స విఫలమైనట్టు లెక్కించకూడదన్నది చాలాకాలంగా ఉన్న నియమం. 2024లో అంతర్జాతీయ నిపుణులు ఆ గడువును 8 వారాలకు కుదించారు. "ఇంత డబ్బు పోసి చేయిస్తే మళ్లీ మొదటికే వచ్చింది" అని రెండో వారంలోనే కుంగిపోయేవారు ఈ సంగతి తెలుసుకోవాలి. విశ్రాంతిలో ఉన్నప్పటి నాడి మునుపటికన్నా 10, 15 దెబ్బలు ఎక్కువగా ఉండటం కూడా అబ్లేషన్ తరువాత కొన్ని నెలలపాటు మామూలే.

స్టెంటు వేయించుకున్నవారు ఎక్కువగా చెప్పేది ఒంటరి దెబ్బ గురించి. దెబ్బ తప్పింది అనుకుంటాం గాని, నిజానికి ఒక దెబ్బ ముందే పడిపోయింది. ఆ తరువాతి విరామంలో గుండె కాస్త ఎక్కువ రక్తం నింపుకుని గట్టిగా తోస్తుంది, మనకు తెలిసేది ఆ తోపు. ఎడమ పక్కకు తిరిగి పడుకుంటే ఇంకా బాగా తెలుస్తుంది. గుండె పంపింగ్ బాగున్నవారిలో ఇవి చాలావరకు హాని చేయవు. గుండెపోటు వచ్చి పంపింగ్ తగ్గినవారు మాత్రం ప్రతి కొత్త మార్పునూ డాక్టరుకు చెప్పాల్సిందే.

కనిపెట్టడానికి: వేళ్లు, బీపీ మిషన్, వాచీ, చిన్న ఈసీజీ

మొదటి స్థానం నేను వేళ్లకే ఇస్తాను. బొటనవేలి కింద మణికట్టు దగ్గర రెండు వేళ్లు ఆనించి, నిండా 60 సెకన్లు లెక్కపెట్టాలి. 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేసే పద్ధతి లయ తప్పిన నాడికి పనికిరాదు. వేగం ఎంతో ఒక్కటే కాదు, వరసను కూడా గమనించాలి. సమంగా నడుస్తూ మధ్యలో ఎప్పుడో ఒక దెబ్బ తప్పుతుంటే ఒకరకం. రేకుల కప్పు మీద మొదటి చినుకులు పడ్డట్టు ఏ వరసా లేకుండా కొట్టుకుంటుంటే అది ఏ.ఎఫ్. కావచ్చు. ఇంట్లో ఇద్దరికైనా ఈ విద్య వచ్చి ఉండాలి. దడ వచ్చిన మనిషి వేళ్లు వణుకుతుంటాయి, తన నాడి తను చూసుకోలేడు.

బీపీ మిషన్ మందుల మోతాదు కోసం ఎలాగూ కావాలి. అయితే ఏ.ఎఫ్. ఉన్నప్పుడు ఒక్క రీడింగును నమ్మకండి, నిమిషం విరామంతో మూడుసార్లు తీసి సగటు చూడండి. అందులో కనిపించే పల్స్ అంకె కూడా ఒక్కోసారి తక్కువ చూపిస్తుంది. చాలా తొందరగా పడిన దెబ్బలో రక్తం సరిగా నిండక, ఆ దెబ్బ మణికట్టు దాకా రాదు. వేలికి పెట్టే ఆక్సిజన్ మిషన్‌దీ అదే ఇబ్బంది.

ఇక పిల్లలు హైదరాబాదు నుంచో బెంగళూరు నుంచో పంపే వాచీలు. వాటిలో రెండు జాతులున్నాయి. వెనక పచ్చ దీపం వెలుగుతూ నాడి మాత్రమే చూపించేవి చవక. పక్కనున్న గుండీ మీద వేలు పెడితే 30 సెకన్లలో ఒక గీత ఈసీజీ తీసేవి ఖరీదు. మొదటి రకం అంకె చూసి నిర్ణయాలు తీసుకోకూడదు. రెండోది నిజంగా ఉపయోగపడుతుంది, ఆ గీతను డాక్టరు చదవగలరు. దానికీ హద్దులున్నాయి. మరీ వేగంగా ఉన్నా, వరసగా ఒంటరి దెబ్బలు పడుతున్నా తేల్చలేనని చేతులెత్తేస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఏ వాచీ కూడా గుండెపోటును పట్టుకోదు. ఛాతీలో నొప్పి ఉండి వాచీ అంతా బాగుందని చెబితే, నొప్పి మాటే వినాలి.

రెండు చేతుల వేళ్లు ఆనించే చిన్న ఈసీజీ పరికరం మరో దారి. అగ్గిపెట్టె అంత ఉంటుంది, ఫోనుకు కలుస్తుంది, వాచీ కంటే చవక, ఇంటిల్లిపాదికీ పనికొస్తుంది. దడ వారానికి ఒకటి రెండుసార్లు వచ్చి, ఆసుపత్రికి వెళ్లేలోపు పోతుంటే నేను వాచీ కంటే దీన్నే ఎంచుకుంటాను. రోజూ వచ్చే దడకు ఇదీ అక్కర్లేదు, ఒంటికి తగిలించుకుంటే 24 గంటలూ ఈసీజీ రాసే హోల్టర్ పెట్టె సరిపోతుంది. హోల్టర్ పెట్టినన్నాళ్లూ మంచాన పడుకోకుండా మామూలుగా తిరగండి, మెట్లెక్కండి, ఎప్పుడు దడ వచ్చిందో టైము రాయండి. టైము రాయకపోతే ఆ పరీక్షకు పెట్టిన డబ్బు సగం వృథా.

రోజుకు పాతికసార్లు నాడి చూసుకునే స్వభావం ఉన్న మనిషికి వాచీ కొనివ్వకండి. చూసుకున్న కొద్దీ భయం, భయపడిన కొద్దీ దడ. అటువంటివారికి ఉదయం ఒకసారి, రాత్రి ఒకసారి, దడ వచ్చినప్పుడు ఒకసారి చాలు. ఒక నోటుపుస్తకంలో తేదీ, టైము, నాడి, బీపీ, అప్పుడు ఏం చేస్తున్నారు, ఎంతసేపు ఉంది అన్నవి రాస్తే, డాక్టరుకు ఆ ఒక్క పేజీ ఎన్నో ప్రశ్నలు తప్పిస్తుంది.

ఇంట్లో ఉండాలా, ఫోన్ చేయాలా, బయలుదేరాలా

ఒకటీ అరా తప్పే దెబ్బలు, కొన్ని నిమిషాల్లో తగ్గే దడ, మనిషి మామూలుగా మాట్లాడుతున్నాడు, ఆయాసం లేదు. అలాంటప్పుడు ఇంట్లోనే ఉండండి. కూర్చోబెట్టి, కొంచెం నీళ్లు తాగించి, నెమ్మదిగా ఊపిరి వదలమనండి. ఆ పూట వేసుకోవలసిన మాత్ర మరిచిపోయారేమో చూడండి. నా అనుభవంలో రాత్రి దడకు ఇదే కారణమైన సందర్భాలు తక్కువేమీ కాదు.

కూర్చుని ఉన్నా అరగంట దాటి నాడి 120 పైనే ఉంటే, వరస తప్పిన నాడి మొదటిసారి కనిపిస్తే, కాళ్లవాపు వచ్చి రెండు మూడు రోజుల్లోనే బరువు పెరిగితే, కుట్ల దగ్గర చీము పట్టినా జ్వరం వచ్చినా అదే రోజు ఫోన్ చేయాలి. ఇక్కడ దగ్గరి ఆసుపత్రికి వెళ్లడమా, ఆపరేషన్ చేసిన చోటికే వెళ్లడమా అన్న పేచీ వస్తుంది. దడ ఉండగానే తీసిన ఈసీజీకి ఉన్న విలువ, అది తగ్గాక పెద్ద ఆసుపత్రిలో తీసిన దానికి ఉండదు. అందుకే రాజోలో, నరసాపురమో, పాలకొల్లో, అమలాపురమో, ఏది దగ్గరైతే అక్కడ ముందు ఈసీజీ తీయించండి. దాన్ని ఫోనులో ఫోటో తీసి మీ గుండె డాక్టరుకు పంపండి. ఆయన రమ్మంటే అప్పుడు కాకినాడో, రాజమహేంద్రవరమో, విజయవాడో వెళ్లండి.

ఇంకొన్నింటికి ఆలోచన అక్కర్లేదు. దడతో పాటు స్పృహ తప్పడం, ఛాతీ నొప్పి, మాట్లాడలేనంత ఆయాసం, చల్లని చెమటలు, నాడి 40 కంటే తగ్గి కళ్లు తిరగడం. వీటిలో ఏది కనిపించినా 108కి ఫోన్ చేసి, అత్యవసర విభాగం ఉన్న అతి దగ్గరి ఆసుపత్రికి చేరాలి. మా వాడికి ఆపరేషన్ చేసిన సర్జను విశాఖలో ఉన్నాడని దారిలో ఉన్న ఆసుపత్రులన్నీ దాటుకుంటూ పోకండి. మూతి వంకర పోవడం, చెయ్యి లేవకపోవడం, మాట ముద్దగా రావడం పక్షవాతం లక్షణాలు. ఏ.ఎఫ్.లో గుండెలో కట్టిన రక్తపు గడ్డ మెదడుకు చేరితే ఇలా అవుతుంది. దీనికి మాత్రం అతి దగ్గరి ఆసుపత్రి కాదు, సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రి కావాలి. గడ్డ కరిగించే ఇంజక్షన్ వేళ నాలుగున్నర గంటలు. అది మనిషి ఆఖరిసారి బాగా ఉన్నప్పటి నుంచి లెక్క. మీకు సీటీ స్కాన్ ఏ ఊళ్లో దగ్గరో ఈ రోజే కనుక్కుని పెట్టుకోండి.

అబ్లేషన్ చేయించుకున్నవారికి మరో హెచ్చరిక ఉంది. చాలా అరుదు గాని ప్రాణాంతకం. చికిత్స అయిన వారం నుంచి రెండు నెలల మధ్య జ్వరం, గుటక వేస్తే నొప్పి, ఛాతీ నొప్పి, పక్షవాతం లక్షణాలు కనిపిస్తే, గుండెకూ అన్నవాహికకూ మధ్య చిల్లు పడి ఉండవచ్చు. గొంతు నొప్పి అనుకుని యాంటీబయాటిక్ కొనుక్కుపోకూడదు, ఎండోస్కోపీకి ఒప్పుకోకూడదు. అబ్లేషన్ అయిందని మొదటి మాటగా చెప్పి, ఛాతీకి సీటీ తీయించాలి.

దడ వస్తే ముక్కు మూసి గట్టిగా ముక్కమనే సలహా ఇంటర్నెట్టులో కనిపిస్తుంది. అది ఒక రకం వేగపు దడకే పనికొస్తుంది, ఏ.ఎఫ్.కు పనిచేయదు. ఛాతీ ఎముక అతుక్కోవడానికి 6 నుంచి 8 వారాలు, కొందరికి ఇంకా ఎక్కువ పడుతుంది. అప్పటిదాకా డాక్టరు చెప్పకుండా ముక్కడాలు, బరువులెత్తడాలు వద్దు.

వేగం తగ్గించే మందా, లయ సరిచేసే మందా

ఏ.ఎఫ్. వచ్చినవారికి రెండు దారులు. లయను అలాగే ఉండనిచ్చి వేగాన్ని మాత్రం అదుపులో పెట్టడం ఒకటి. మెటోప్రొలాల్ వంటి మందులు ఆ పని చేస్తాయి. అమియోడరోన్‌తోనో కరెంటు షాకుతోనో లయనే సరిచేయడం మరొకటి. గుండె ఆపరేషన్ తరువాత వచ్చిన ఏ.ఎఫ్. మీద ఈ రెండు దారులనూ పోల్చిన అమెరికా, కెనడా అధ్యయనం 2016లో వెలువడింది. ఆసుపత్రిలో గడిపిన రోజుల్లో తేడా రాలేదు, 60 రోజులకు రెండు వర్గాల్లోనూ 90 శాతానికి పైగా రోగుల లయ కుదుటపడింది. అంటే బీపీ నిలకడగా ఉండి, మనిషి తట్టుకోగలిగితే, ఈ తొలి వారాల్లో తేలిక మందుతో వేగం తగ్గించి ఓపిక పట్టడం తక్కువ వైద్యమేమీ కాదు. ఆయాసపడుతున్నవారికి, పంపింగ్ తగ్గినవారికి లయ సరిచేయడం వైపే మొగ్గుతారు.

ఇంటి వైపు నుంచి చూస్తే రెండింటికీ తేడా పెద్దది. మెటోప్రొలాల్‌తో నీరసం, చేతులు చల్లబడటం, ఉబ్బసం ఉన్నవారికి పిల్లికూతలు రావచ్చు. షుగరు ఉన్నవారికి షుగరు పడిపోయినప్పుడు తెలియజెప్పే దడ తెలియకుండా పోవచ్చు. ఉన్నట్టుండి ఆపితే గుండె వేగం ఒక్కసారిగా ఎగుస్తుంది. అందుకే చివరి మాత్ర దాకా ఆగకుండా ముందే కొని పెట్టుకోవాలి. పేరు పక్కన ఎక్స్ఎల్, ఈఆర్ వంటి అక్షరాలు ఉంటే అది నెమ్మదిగా కరిగే మాత్ర. అది నమలకూడదు, పొడి చేయకూడదు. ఆ అక్షరాలు లేని మాత్రతో దాన్ని మార్చుకోకూడదు. షాపువాడు ఒకటేనని చెప్పినా సరే.

అమియోడరోన్ బలమైన మందు, జిడ్డు మందు. ఆపాక కూడా వారాలు, నెలలు ఒంట్లో ఉంటుంది. థైరాయిడ్‌ను, కాలేయాన్ని, ఊపిరితిత్తులను దెబ్బతీయగలదు. మొదలుపెట్టేముందు, ఆ తరువాత ఆరు నెలలకోసారి థైరాయిడ్, కాలేయ పరీక్షలు ఉండాలి. ఎండకు చర్మం తొందరగా మండుతుంది. రొయ్యల చెరువుల గట్ల మీద, వరిచేలల్లో తిరిగేవారు నిండు చేతుల చొక్కా, తలపాగా లేకుండా వెళ్లకూడదు. ఆపరేషన్ తరువాత దీన్ని సాధారణంగా కొన్ని వారాలకే ఇస్తారు. నాకు కోపం తెప్పించే సంగతి ఇక్కడే ఉంది. ఎప్పుడు ఆపాలో చీటీ మీద ఉండదు. ఇంటివాళ్లు పాత స్ట్రిప్పు పట్టుకొచ్చి ఇదే ఇవ్వండి అంటూ నెలలు, సంవత్సరాలు కొంటూ పోతారు. డిశ్చార్జి రోజునే "ఇది ఎన్నాళ్లండీ?" అని అడిగి తేదీ రాయించుకోండి.

రక్తం పలచబడే మందు: పాతదా, కొత్తదా

ఏ.ఎఫ్.లో గుండెలో గడ్డ కట్టకుండా ఇచ్చే మందు ఇది. ఎంపికలో అసలు బరువు ఇక్కడ ఉంది. పాతరకం అంటే వార్ఫరిన్, ఎసిట్రోమ్ పేరుతో దొరికే ఎసినోకౌమరాల్. కొత్తరకం అంటే అపిక్సబాన్, రివరాక్సబాన్, డబిగాట్రాన్.

కొందరికి ఎంపిక లేదు. లోహపు వాల్వు వేయించుకున్నవారికి పాతరకమే. 2013లో డబిగాట్రాన్‌ను అటువంటివారి మీద పరీక్షిస్తే గడ్డలూ, రక్తస్రావమూ రెండూ పెరిగి పరీక్షనే ఆపేశారు. చిన్నప్పటి కీళ్లవాత జ్వరం వల్ల మిట్రల్ వాల్వు బాగా సన్నబడినవారికీ పాతరకమే. ఇటువంటివారి ఏ.ఎఫ్. మీద 2022లో వెలువడిన పెద్ద అధ్యయనంలో రివరాక్సబాన్ కంటే పాతరకమే ప్రాణాలు ఎక్కువ నిలిపింది. కాబట్టి వియ్యంకుడు గారికి రక్తపరీక్ష అక్కర్లేని మందు రాశారట, మాకూ అదే ఇప్పించండి అని అడగకండి. ఆయన వాల్వు వేరు, మీ వాల్వు వేరు.

మిగిలినవారిలో, అంటే బైపాస్, స్టెంటు, అబ్లేషన్ వారిలో ఏ.ఎఫ్.కు మందు కావలసివస్తే, మూత్రపిండాలు బాగుంటే డాక్టర్లు ఎక్కువగా కొత్తరకమే రాస్తారు. మెదడులో రక్తస్రావం ప్రమాదం దీనితో తక్కువ. రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చూపే ఐ.ఎన్.ఆర్. పరీక్ష నెలనెలా అక్కర్లేదు. ఆ పరీక్షకు వశిష్ఠ దాటి రావలసినవారికి ఇది చిన్న లాభం కాదు. పాతరకంలో మొదటి వారాల్లో వారానికి ఒకటి రెండుసార్లు, కుదిరాక నెలకోసారి ఐ.ఎన్.ఆర్. చూడాలి. ఏ.ఎఫ్.కు అది 2, 3 మధ్య ఉండాలి. మిట్రల్ స్థానంలో లోహపు వాల్వు ఉంటే ఇంకొంచెం ఎక్కువ.

కొత్తరకానికి ఉన్న లోపం మతిమరుపును క్షమించకపోవడం. అపిక్సబాన్, డబిగాట్రాన్ రోజుకు రెండుసార్లు. ఒక రోజు మానేస్తే రక్షణ దాదాపు పోయినట్టే. వార్ఫరిన్ ఆ విషయంలో కొంత ఉదారం, పని కొన్ని రోజులు మిగులుతుంది. రివరాక్సబాన్ రోజుకు ఒకసారే, కానీ అన్నంతో వేసుకోవాలి, ఖాళీ కడుపున వేసుకుంటే ఒంటికి సరిగా పట్టదు. ఉపవాసాలుండే పెద్దమ్మలు ఈ మాట డాక్టరుకు ముందే చెప్పాలి. మూత్రపిండాల పరీక్ష ఏడాదికి ఒకసారైనా చేయించాలి, వయసు మీద పడినవారు ఇంకా తరచుగా.

డబిగాట్రాన్ గురించి మన ప్రాంతపు మాట ఒకటి. ఆ గొట్టం మాత్రకు తేమ పడదు. సీసాలోంచి తీసి స్టీలు డబ్బాలోనో, ఉదయం, రాత్రి గళ్లున్న ప్లాస్టిక్ పెట్టెలోనో పోసి ఉంచకూడదు. వచ్చిన ప్యాకింగులోనే ఉండాలి. గొట్టం విప్పి పొడి మింగకూడదు. శ్రావణ భాద్రపదాల్లో అప్పడాలే మెత్తబడిపోయే మన ఇళ్లలో, మాత్రలన్నీ ఒకే డబ్బాలో సర్దుకునే అలవాటున్నవారికి నేనైతే అపిక్సబాన్ గురించి డాక్టరును అడగమంటాను.

ధర మాటకు వస్తే, పాతరకం మాత్ర చవక, పరీక్షలు ఖర్చు. కొత్తరకం మాత్ర ఖర్చు, పరీక్షలు తక్కువ. అపిక్సబాన్ పేటెంటు గడువు తీరి చాలా కంపెనీలు తయారుచేస్తున్నాయి గనుక ఒకప్పటి ధర ఇప్పుడు లేదు. జనౌషధి కేంద్రంలో ఈ మందు ఉందేమో అడగండి. మా వ్యాపారానికి నష్టమే గాని, డబ్బు చాలక రోజు మార్చి రోజు మాత్ర వేసుకునేవారిని చూస్తున్నాను, దాని కంటే ఇది నయం. డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద చికిత్స అయినవారు ఆపరేషన్ తరువాతి మందుల సంగతి ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను డిశ్చార్జికి ముందే అడగాలి.

రెండు రకాలకూ వర్తించే జాగ్రత్తలు ఉన్నాయి. ఒళ్లు నొప్పులకు ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ ఇంజక్షన్ పొడిపించుకోవడం మనకు అలవాటు. రక్తం పలచబడే మందు మీద ఉన్నవారికి కండలో సూది వేస్తే లోపల రక్తం గూడుకట్టవచ్చు, డైక్లోఫెనాక్ కడుపులోనూ రక్తస్రావం తెప్పించవచ్చు. నొప్పికి పారాసిటమాల్ చాలు, అదీ మితంగా. వానాకాలం విరేచనాలకు షాపులో అడిగి తెచ్చుకునే మెట్రోనిడజోల్ పాతరకం మందుతో కలిస్తే ఐ.ఎన్.ఆర్. కొద్ది రోజుల్లోనే ఎగబాకుతుంది. అమియోడరోన్ కూడా అంతే. జలుబు మాత్రల్లో ఉండే ఫినైలెఫ్రిన్ బీపీని పెంచగలదు, కొందరికి దడ కూడా తెప్పించవచ్చు. ఏ షాపులోనైనా మొదటి మాటగా "రక్తం పలచబడే మందు వాడుతున్నామండీ" అని చెప్పండి. స్టెంటుతో పాటు ఏ.ఎఫ్. కూడా ఉంటే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, పలచబడే మందు మూడూ కొన్నాళ్లు కలిసి నడవవచ్చు. వాటిలో ఏది ఎప్పుడు ఆపాలో డాక్టరు తేలుస్తారు, ఒక్కటి కూడా మీరు ఆపకండి.

కంచంలో ఏం మార్చాలి

పాతరకం మందు మొదలుపెట్టగానే ఇంట్లో గోంగూర, తోటకూర, బచ్చలి, మునగాకు మొత్తానికి మానిపిస్తారు. అది పొరపాటు. ఆకుకూరల్లోని విటమిన్ కె మందుకు ఎదురు నడుస్తుంది నిజమే, కానీ వారం వారం తినే పాళ్లు ఒకేలా ఉంటే మోతాదును దానికి తగ్గట్టు సరిచేస్తారు. చిక్కు వచ్చేది హెచ్చుతగ్గులతో. కార్తీకమాసంలో తిండి పద్ధతి మారినా, నెలంతా ఆకుకూర ముట్టక ఒక్కసారి గోంగూర పండగ చేసుకున్నా ఐ.ఎన్.ఆర్. ఊగుతుంది. కొత్తరకం మందుకు ఈ బాధ లేదు.

కొబ్బరిబోండం విషయంలో కోనసీమలో ఎవరూ నా మాట వినరు, అయినా చెబుతాను. అందులో పొటాషియం బాగా ఉంటుంది. మూత్రం ఎక్కువగా పోయే లాసిక్స్ వంటి మందుతో పొటాషియం తగ్గినవారికి అది మేలే చేయవచ్చు. స్పైరోనొలాక్టోన్, రామిప్రిల్, టెల్మిసార్టాన్ వంటివి వాడుతూ మూత్రపిండాలు మందగించినవారిలో అదే పొటాషియం పేరుకుని లయను చెడగొడుతుంది. రక్తంలో పొటాషియం ఎంత ఉందో చూపించుకుని, రోజుకు ఎన్ని తాగవచ్చో అడగండి.

పంపరపనస సంగతి చాలామందికి తెలియదు. గ్రేప్‌ఫ్రూట్ తినకూడదని అమియోడరోన్, అటోర్వాస్టాటిన్ కాగితాల మీద ఉంటుంది. అది మన పండు కాదులే అనుకుంటాం. పంపరపనస, తీపి నారింజ జాతుల కలయికతో పుట్టిందే ఆ గ్రేప్‌ఫ్రూట్. పెరట్లో పంపరపనస చెట్టు ఉన్నవారు ఈ మందులు వాడినన్నాళ్లు ఆ పండును పక్కన పెట్టడం మంచిది.

సంక్రాంతి మూడు రోజులూ కోడిపందేల బరుల దగ్గర తాగి, నాలుగో రోజు దడతో ఆసుపత్రికి వెళ్లేవారు ఉంటారు. ఏ.ఎఫ్. ఉన్నవారు మద్యం మానితే అది మళ్లీ మళ్లీ రావడం తగ్గుతుందని 2020లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపించారు. కల్లు సహజమైనది గనుక పరవాలేదన్న వాదన గుండె దగ్గర చెల్లదు. కాఫీ, టీ మితంగా అయితే మానక్కర్లేదు, తాగిన ప్రతిసారీ దడ వస్తుందని మీ నోటుపుస్తకం చెబితే మానండి. పంపింగ్ తగ్గినవారికి ఆవకాయ, ఎండుచేపలు ఉప్పు రూపంలో ఒంట్లోకి నీరు తెస్తాయి. దాని మీద బేరాల్లేవు.

కోలుకునేది ఎక్కడ

సొంత ఊరి గాలి పడితేనే మనిషి కోలుకుంటాడని పెద్దలంటారు. మామూలు రోజుల్లో, వంతెన మీదుగా బండి నేరుగా ఇంటికి వచ్చే ఊరైతే నేనూ సరేనంటాను. సఖినేటిపల్లి వైపు వారికి పగలు నరసాపురం రేవుకు దాటించే పంటు పడవే దగ్గరి దారి. అర్ధరాత్రి దడ వస్తే దాన్ని నమ్ముకోలేం, దిండి, చించినాడ వంతెన మీదుగా చుట్టూ రావాలి. ఆ దారికి ఎంతసేపు పడుతుందో పగలు ఒకసారి వెళ్లి చూసుకోండి. కళ్లు తిరిగే మనిషిని మోటారుసైకిలు వెనక కూర్చోబెట్టుకుని మాత్రం బయలుదేరకండి.

జూలై నుంచి సెప్టెంబరు మధ్య ఆపరేషన్ అయినవారు, పడవ దాటితే తప్ప ఇల్లు చేరలేని లంకల్లో ఉండేవారు, మొదటి 6 వారాలు గట్టు మీది ఊళ్లో కూతురింట్లోనో తమ్ముడింట్లోనో ఉండటమే మేలు. అల్లుడింట్లో అన్నాళ్లా అని మొహమాటపడే మాష్టార్లకు నా జవాబు ఒకటే: మొదటి నెలలో మోతాదులు మారుతుంటాయి, పరీక్షలు ఎక్కువ, లయ తప్పేదీ అప్పుడే. ఊరు వదలడం కుదరకపోతే ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం మీద కన్నేయండి. 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 13.75 అడుగుల రెండో హెచ్చరిక దాకా ఆగకుండా, మొదటిదానికే రెండు వారాల మందులు ఇంట్లో ఉండాలి, ఐ.ఎన్.ఆర్. చూపించుకుని ఉండాలి, వరద పెరిగేలా ఉంటే రోగిని గట్టు దాటించాలి. మందులు నీరు చొరబడని సంచిలో, వాటి పెట్టెలతో సహా పెట్టండి. డిశ్చార్జి కాగితం, ఆఖరి ఈసీజీ, వాడే మందుల చీటీ ఫోటోలు ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉంచండి. కొత్త ఆసుపత్రిలో డాక్టరు మొదట అడిగేవి అవే.